ఓటీలో ఇన్సులేషన్ అలారం మోగితే మ్యూట్ చేసి పని కానిచ్చారు, తప్పెవరిది? హాస్పిటల్ స్టాఫ్‌కి కరెంటు ట్రైనింగ్ ఎలా ఇవ్వాలి?

కొత్త_సూపర్‌వైజర్
అందరికీ నమస్తే. హాస్పిటల్ మెయింటెనెన్స్‌లో ఎలక్ట్రికల్ సైడ్ చూస్తాను, ఈ మధ్యే సూపర్‌వైజర్‌ని చేశారు. త్వరలో ఇన్‌స్పెక్షన్ ఉంది, స్టాఫ్ అందరికీ ఎలక్ట్రికల్ సేఫ్టీ మీద ట్రైనింగ్ ఇచ్చేయమని పైనుంచి ఆర్డరు. చేతికి పాత స్లైడ్లు ఇచ్చారు, సగం క్లాజు నంబర్లు, మిగతా సగం కాలిపోయిన స్విచ్‌బోర్డుల ఫొటోలు, చివర్లో ఒక క్విజ్. నర్సులు, డాక్టర్లు, మా ఎలక్ట్రీషియన్లు, హౌస్‌కీపింగ్ వాళ్లు, అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి ఇదే చూపించాలట.
నా టెన్షన్ వేరే. ఈ మధ్య ఒక ఆపరేషన్ థియేటర్లో ఐసోలేషన్ ప్యానెల్ (సప్లైని భూమికి కట్టకుండా విడిగా ఉంచి, ఇన్సులేషన్‌కి కాపలా కాసే పెట్టె) అలారం మోగింది, అక్కడున్న సిస్టర్ మ్యూట్ నొక్కారు, సర్జరీ అయిపోయింది. మాకు ఎవరూ చెప్పలేదు. మర్నాడు మా కుర్రాడు రౌండ్‌కి వెళితే ప్యానెల్ మీద హెచ్చరిక దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఇప్పుడు ఆ సిస్టర్‌కి మెమో ఇవ్వాలంటున్నారు. అసలు ఎవరికి ఏం నేర్పాలో ఇక్కడ అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఓటీ_సిస్టర్
మెమో ఇచ్చేముందు ఒకటి చెప్పండి. ఆ ప్యానెల్ ఏంటో ఆవిడకి ఎప్పుడైనా ఎవరైనా చెప్పారా? నేను థియేటర్లో చాలా ఏళ్లుగా ఉన్నాను, దాన్ని మాకు చూపించినవాళ్లు లేరు. గోడకి ఒక పెట్టె, పచ్చ దీపం, ఒక మ్యూట్ బటన్, అంతే. పేషెంట్ పొట్ట తెరిచి ఉంది, అనస్థీషియా మానిటర్ ఒకవైపు మోగుతోంది, సర్జన్ "ఆ మోత ఆపండమ్మా" అంటారు. ఆపకుండా ఏం చేస్తారు? పైగా ఆ పెట్టె మీద ఎవరికి ఫోన్ చేయాలో నంబరు కూడా ఉండదు.

ఎర్తింగ్_తాత
సిస్టర్ అన్నది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. వైద్య గదుల వైరింగ్‌కి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364-7-710 కూడా మోతని ఆపుకోవచ్చనే చెబుతుంది. ఆపలేనిది దీపాన్ని. మామూలుగా పచ్చ దీపం ఉంటుంది, ఇన్సులేషన్ పడిపోతే పసుపు దీపం వెలుగుతుంది, ఫాల్ట్ పోయేదాకా దాన్ని ఎవరూ ఆర్పలేరు. కాబట్టి ఆవిడ మ్యూట్ చేయడంలో తప్పేం లేదు, ఆ తర్వాతి పని ఏంటో ఎవరూ నేర్పకపోవడమే తప్పు. మెమో రాయాలంటే ట్రైనింగ్ డిపార్ట్‌మెంట్‌కి రాయండి.
ఇక మీ స్లైడ్ల సంగతి. అందులో 50 కిలో ఓమ్‌లు, 5 మిల్లీ ఆంపియర్లు రెండూ ఉన్నాయా? ఉంటే ఆ స్లైడ్లు ఎవరో రెండు కోడ్‌లు కలిపి వండినవి. ఐఈసీ పద్ధతిలో కట్టిన థియేటర్లో మానిటర్ ఇన్సులేషన్ రెసిస్టెన్స్ చూస్తుంది, అది 50 కిలో ఓమ్‌లకి పడేలోపే అలారం ఇవ్వాలి. అమెరికా ఫైర్ సేఫ్టీ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ వాళ్ల 99 పద్ధతిలో అయితే లైన్ ఐసోలేషన్ మానిటర్ హజార్డ్ కరెంట్ (ఫాల్ట్ వస్తే భూమికి ఎంత కరెంటు పోగలదో ఆ లెక్క) చూపిస్తుంది, 5 మిల్లీ ఆంపియర్ల దగ్గర మోగుతుంది, దీపం కూడా ఎరుపు. ముందు మీ గోడ మీద ఏది ఉందో, మీ చోట చట్టప్రకారం ఏ కోడ్ నడుస్తోందో చూసుకోండి, తర్వాత స్లైడ్లు.

కొత్త_సూపర్‌వైజర్
రెండూ ఉన్నాయి తాతగారూ 😅 మా దగ్గర పసుపు దీపం మోడల్. స్లైడ్లో ఎర్ర దీపం ఫొటో ఉంది.

బయోమెడ్_బుచ్చి
అన్నా, థియేటర్ వాళ్లకి చెప్పేటప్పుడు ఇలా చెప్పి చూడండి, మా దగ్గర పనిచేసింది.
మామూలు సప్లైలో న్యూట్రల్ ఎక్కడో భూమికి కట్టి ఉంటుంది, అందుకే ఫేజ్ ముట్టుకుంటే షాక్. థియేటర్లో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత వచ్చే రెండు వైర్లలో ఏదీ భూమికి కట్టి ఉండదు. అందుకని ఒక మెషీన్లో ఫాల్ట్ వచ్చి వైరు బాడీకి తగిలినా ఫ్యూజు పోదు, కరెంటు పోదు, వెంటిలేటర్ ఆగదు. ఆ ఏర్పాటు ఉన్నదే అందుకు. కానీ ఆ మొదటి ఫాల్ట్‌తో ఆ గది మామూలు గది అయిపోయింది, రక్షణ ఒక మెట్టు దిగింది. ఇంకో మెషీన్లో రెండో వైరుకి ఫాల్ట్ వచ్చిందంటే అప్పుడు బ్రేకర్ పడుతుంది, దానిమీద ఉన్నవన్నీ ఆగుతాయి. అలారం అర్థం "ఇప్పుడు ప్రమాదం జరుగుతోంది" అని కాదు, "ఇంకొక్కటి జరిగితే ప్రమాదం" అని.
చేయాల్సింది: సర్జరీ ఆపక్కర్లేదు. మోత ఆపండి. చివరగా ప్లగ్గు పెట్టిన వస్తువు ఏదో గుర్తు తెచ్చుకుని, అది పేషెంట్ ప్రాణానికి అవసరం లేనిదైతే ప్లగ్గు తీయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే తీయాలి. దీపం మళ్లీ పచ్చకి వచ్చిందా, దొరికినట్టే. దానికి ట్యాగ్ కట్టి పక్కన పెట్టి మాకు ఫోన్. పచ్చకి రాకపోతే తర్వాతి అవసరం లేని వస్తువు. అన్నీ అవసరమైనవే అయితే అలాగే కానిచ్చి, కొత్తగా ఏదీ పెట్టకుండా కేసు ముగించండి, తర్వాతి కేసుకి మాత్రం మేం చూసేదాకా ఆ గది వాడకండి.

ఓటీ_సిస్టర్
ఇంత సింపులా? ఇది ఆ పెట్టె పక్కన ఒక కాగితం మీద రాసి అంటిస్తే చాలు కదా. ఒక డౌటు, మా థియేటర్లో కొన్నిసార్లు ఏ వస్తువులోనూ ఫాల్ట్ లేకుండానే మోగుతుంది. బయోమెడ్ (వైద్య పరికరాలు చూసే) వాళ్లు వచ్చి "ఏం లేదు మేడమ్" అని వెళ్లిపోతారు.

బయోమెడ్_బుచ్చి
మీ దగ్గర మిల్లీ ఆంపియర్ల మోడల్ ఉంటే అలా జరుగుతుంది మేడమ్. ప్రతి మెషీన్లో ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల కొద్దికొద్దిగా లీకేజ్ ఉంటుంది, ఒక్కోటి చూస్తే లిమిట్ లోపలే, అన్నీ ఒకే ప్యానెల్ మీద పెడితే మొత్తం 5కి చేరుతుంది. వార్మర్లు, పొడవాటి కేబుళ్లు, మైక్రోస్కోప్, వీడియో టవర్ అన్నీ ఒకేసారి తగిలిస్తే మోగక ఏం చేస్తుంది. "ఏం లేదు" అని వెళ్లిపోవడం మా వాళ్ల తప్పే, ఏ కాంబినేషన్లో మోగిందో రాసుకుని లోడ్ రెండో ప్యానెల్‌కి మార్చాలి. లేకపోతే మీరు ఆ అలారాన్ని నమ్మడం మానేస్తారు.

అంతా_ఆర్‌సీడీ
ఇంత గొడవ ఎందుకండీ. ప్రతి సాకెట్టుకీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీడీ (భూమికి లీకేజ్ కనిపిస్తే సప్లై కట్ చేసే స్విచ్) పెట్టేస్తే సరి. కొంచెం లీకైనా ట్రిప్. నర్సులకి ట్రైనింగూ అక్కర్లేదు, కాగితాలూ అక్కర్లేదు.

ఎర్తింగ్_తాత
బాబూ, వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి "సేఫ్టీ కోసం కరెంటు ఆపాం" అని చెప్పి చూడు. వార్డులో, ఐఈసీ లెక్కలో గ్రూప్ 1 గదుల్లో, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీడీ ఉండాల్సిందే, అక్కడ సరిపోతుంది. గ్రూప్ 2 అంటే ఆపరేషన్ థియేటర్, ఇంటెన్సివ్ కేర్, గుండె లోపల చేసే పనులు, అంటే సప్లై ఆగడమే ప్రాణాపాయం అయ్యే చోట్లు. అక్కడ ప్రాణాధార పరికరాల సాకెట్లకి ఐసోలేటెడ్ సప్లై. ఆర్‌సీడీని ఎక్స్‌రే యూనిట్ లాంటి పెద్ద మెషీన్లకి, టేబుల్ మోటారుకి మాత్రమే అనుమతిస్తారు. నువ్వు చెప్పినట్టు చేస్తే ఒక పాత వార్మర్ లీకేజికి అదే ఆర్‌సీడీ మీద ఉన్న మిగతా మెషీన్లకీ కరెంటు పోతుంది.

మత్తు_డాక్టర్
అనస్థీషియా వైపు నుంచి ఒక మాట. ఆ ఆర్‌సీడీ సలహాలో ఇంకో లోపం ఉంది. 30 మిల్లీ ఆంపియర్లంటే 30,000 మైక్రో ఆంపియర్లు. గుండెకి నేరుగా తగిలే పరికరాలకి, అంటే సీఎఫ్ గుర్తు ఉన్న భాగాలకి, ఐఈసీ 60601-1 మామూలు పరిస్థితిలో ఇచ్చే పేషెంట్ లీకేజ్ హద్దు 10 మైక్రో ఆంపియర్లు, ఒక ఫాల్ట్ ఉన్నప్పుడు 50. అంటే ఆర్‌సీడీకి ఆ హద్దు కంటే 3000 రెట్లు కరెంటు కావాలి. గుండెలోకి పేసింగ్ వైరు వెళ్లిన పేషెంట్‌ని అది కాపాడదు. ఆ మాటకొస్తే ఐసోలేషన్ ప్యానెల్ కూడా మైక్రోషాక్ (నేరుగా గుండెకి తగిలే అతి చిన్న కరెంటు) నుంచి కాపాడుతుందని అనుకోకండి, 5 మిల్లీ ఆంపియర్లన్నా 10 మైక్రోకి 500 రెట్లు. అక్కడ కాపాడేది సరైన పరికరం, మంచి ఎర్త్ బాండింగ్ (లోహపు వస్తువులన్నిటినీ ఒకే ఎర్త్‌కి కలపడం), ఇంకా మన చేతులు.
చేతులు ఎందుకన్నానంటే, తాత్కాలిక పేస్‌మేకర్ వైర్ల కొన ఊడి దుప్పటి మీద పడి ఉంటుంది, రెసిడెంట్ (ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్) ఒక చేత్తో బెడ్ రెయిల్ పట్టుకుని ఇంకో చేత్తో గ్లౌజు లేకుండా ఆ కొనని తీస్తాడు. ఆ మనిషికి ఏమీ తెలియదు, అతని శరీరం గుండా పోయే కరెంటు అతని చేతికి అందనంత చిన్నది, పేషెంట్ గుండెకి మాత్రం చాలు. గ్లౌజు వేసుకుని ముట్టుకోవాలి, వాడని కొనలకి ఇన్సులేషన్ క్యాప్ ఉండాలి, లోహపు వస్తువునీ వైరునీ ఒకేసారి పట్టుకోకూడదు. ఐసీయూ స్టాఫ్‌కి ఈ మూడూ చాలు, మిగతా ఫిజిక్సు వద్దు.
అలాగని భయపెట్టకండి కూడా. 1971లో రాల్ఫ్ నాడర్ అమెరికా ఆసుపత్రుల్లో ఏటా 1200 మంది కరెంటు షాక్‌తో చనిపోతున్నారని అన్నారు, ఆ లెక్కకి గట్టి ఆధారం దొరకలేదు. ట్రైనింగుల్లో ఇప్పటికీ ఎవరో ఒకరు దాన్ని చెబుతూనే ఉంటారు.

కొత్త_సూపర్‌వైజర్
మా స్లైడ్లలో ఆ 1200 ఉంది సర్. తీసేస్తున్నాను.
ఇంకో సమస్య ఎక్స్‌టెన్షన్ బోర్డులు. ఐసీయూలో బెడ్ కింద ఒకదాని వెనక ఒకటి తగిలిస్తారు. "వాడొద్దు" అని ఎన్ని సర్క్యులర్లు ఇచ్చినా ఇన్‌స్పెక్షన్ రోజు మాయమవుతాయి, మర్నాడు మళ్లీ వస్తాయి.

లోడ్_లెక్కలు
వస్తాయి. ఎందుకంటే బెడ్‌కి సాకెట్లు చాలవు, దానికి ట్రైనింగ్ ఏం చేస్తుంది? అమెరికా కోడ్ ఎన్‌ఈసీ ఆర్టికల్ 517 చూడండి, మామూలు బెడ్‌కి 8, క్రిటికల్ కేర్ బెడ్‌కి 14, ఆపరేషన్ థియేటర్‌కి 36 సాకెట్లు తక్కువలో తక్కువ అంటుంది. చదివినప్పుడు ఎక్కువనిపిస్తుంది. ఒక బెడ్ చుట్టూ నిలబడి లెక్కపెట్టండి: వెంటిలేటర్, హ్యుమిడిఫయర్, మానిటర్, నాలుగైదు పంపులు, ఎయిర్ మ్యాట్రెస్, బెడ్ మోటారు, డయాలసిస్ మెషీన్ వస్తే అది, ఎక్స్‌రే వస్తే అది. మీరు సిస్టర్లని తిట్టేముందు ఈ లెక్క మేనేజ్‌మెంట్ ముందు పెట్టండి.
బోర్డు కింద ఉంటే ఏమవుతుందంటే, సెలైన్ కారుతుంది, తుడుపు నీళ్లు పోతాయి, బెడ్ చక్రం వైరు మీదుగా వెళుతుంది. ఒకటి విప్పి చూశాను, పైకి బాగానే ఉంది, లోపల ఎర్త్ పిన్ను దగ్గర తెల్లగా ఉప్పు పేరుకుని రాగి పచ్చబడిపోయింది. ఎర్త్ అసలు అంటుకోవడమే లేదు. దానికి రెండు పంపులు, ఒక సక్షన్ మెషీన్ నడుస్తున్నాయి.
తప్పనిసరి అయితే మెడికల్ రేటింగ్ ఉన్న బోర్డు, ట్రాలీకో స్టాండుకో బిగించి, నేల మీద కాకుండా, ఆ ట్రాలీ మీది వస్తువులకే. దానికి ఇంకో బోర్డు తగిలించడం ఎక్కడా లేదు. హీటర్లు అస్సలు పెట్టకూడదు.
ఆక్సిజన్ సంగతి కూడా కలపండి. గాలిలో మామూలుగా 21 శాతం ఉంటుంది, 23.5 దాటితే ఎన్‌ఎఫ్‌పీఏ లెక్కలో అది ఆక్సిజన్ ఎక్కువైన వాతావరణం. మాస్కులు పక్కన పడేసి ఫ్లో ఆన్‌లో వదిలేసిన చోట, దుప్పట్ల కింద ఆక్సిజన్ నిలుస్తుంది. అక్కడ లూజు ప్లగ్గు నిప్పురవ్వకి మామూలు గదిలో ఆరిపోయే మంట ఆరదు. కరెంటు ట్రైనింగ్ వేరు, ఫైర్ ట్రైనింగ్ వేరు అని రెండు ఫైళ్లు పెట్టుకోవడం నాకెప్పుడూ అర్థం కాదు.

క్వాలిటీ_సెల్
ఎవరికీ నచ్చకపోయినా రికార్డుల గురించి చెప్పాలి. హాజరు సంతకాలు, తేదీ, ఏం నేర్పారు, ఎవరు నేర్పారు, నేర్చుకున్నారని ఎలా తెలిసింది, ఇవి లేకపోతే మీరు ఎంత బాగా నేర్పినా ఇన్‌స్పెక్షన్‌లో లెక్కలోకి రాదు.

ఎర్తింగ్_తాత
రికార్డు వద్దని ఎవరన్నారు? క్విజ్ మార్కులు "నేర్చుకున్నారు" అనడానికి రుజువు కాదంటున్నా. కారిడార్లో వెళుతున్న నర్సుని ఇన్‌స్పెక్టర్ ఆపి "ఇక్కడ కరెంటు పోతే మీరేం చేస్తారు?" అని అడిగితే క్విజ్‌లో 90 వచ్చిన అమ్మాయి మీ వైపు చూస్తుంది.

క్వాలిటీ_సెల్
అది నిజమే, నేను చూశాను. సరే, ప్యానెల్ దగ్గర చేసి చూపించినట్టు ఒక చెక్‌లిస్ట్ మీద సంతకం పెట్టించండి, దాన్నే రికార్డుగా తీసుకుంటాం. క్విజ్ కంటే అదే మేలు.

డీజిల్_బాబాయి
కరెంటు పోతే అన్నారు కాబట్టి జెనరేటర్ నా ఏరియా.
చాలాచోట్ల వారం వారం టెస్ట్ అంటే ఇంజన్ స్టార్ట్ చేసి, చప్పుడు విని, ఆపేయడం. లోడ్ లేకుండా తిప్పితే ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, కాలని డీజిల్ ఎగ్జాస్ట్‌లో జిడ్డుగా పేరుకుంటుంది, అసలు అవసరం వచ్చిన రోజు లోడ్ ఎత్తదు. ఎన్‌ఎఫ్‌పీఏ 110 ప్రకారం నెలకోసారి 30 నిమిషాలు, కనీసం రేటింగ్‌లో 30 శాతం లోడ్ మీద నడపాలి, ట్రాన్స్‌ఫర్ స్విచ్‌నీ (లోడ్‌ని మెయిన్ నుంచి జెనరేటర్‌కి మార్చేది) ఆపరేట్ చేయాలి. నా అనుభవంలో ఇంజన్ కంటే ఎక్కువగా మొరాయించేది ఆ స్విచ్చే, దాన్ని ఎవరూ ముట్టుకోరు.
వార్డు వాళ్లకి చెప్పాల్సింది మధ్యలో ఉండే ఆ కొద్ది సెకన్ల గురించి. అమెరికా పద్ధతిలో 10 సెకన్లలోపు, ఐఈసీ పద్ధతిలో ఆపరేషన్ లైటుకి, అంతకంటే ఆగలేని ప్రాణాధార పరికరాలకి అర సెకను, మిగతా ముఖ్యమైన వైద్య పరికరాలకి 15 సెకన్లలోపు. ఆ పదిహేను సెకన్లలో ఏ మెషీన్ బ్యాటరీ మీద నడుస్తుంది, ఏది ఆగి మళ్లీ మొదటినుంచి స్టార్ట్ అవుతుంది, ఏది ఆగి అలాగే ఉండిపోతుంది, ఇది ప్రతి ఐసీయూ నర్సుకీ తెలియాలి. ఎమర్జెన్సీ సాకెట్టు రంగు తెలిస్తే సరిపోదు, వెంటిలేటర్ అందులోనే ఉందో లేదో డ్యూటీ మారేటప్పుడు చూడాలి. మొబైల్ చార్జర్ ఎర్ర సాకెట్లో, వెంటిలేటర్ తెల్ల సాకెట్లో ఉండటం నా కళ్లతో చూశాను.
మేనేజ్‌మెంట్ వాళ్లకి 2012 శాండీ తుఫాను కథ చెప్పండి. న్యూయార్క్‌లో ఎన్‌వైయూ లాంగోన్ ఆసుపత్రిలో జెనరేటర్లు పైన ఉన్నాయి, వాటికి డీజిల్ పంపే ఏర్పాటు బేస్‌మెంట్లో ఉంది, అక్కడికి నీళ్లు వచ్చాయి. 300 మందికి పైగా పేషెంట్లని రాత్రికి రాత్రి మెట్ల మీదుగా దించి వేరేచోట్లకి తరలించారు.

అంతా_ఆర్‌సీడీ
ఒప్పుకుంటున్నా, థియేటర్ విషయం నాకు తెలియదు, నేను అపార్ట్‌మెంట్ల పని చేస్తాను. మరి ఎలక్ట్రీషియన్లకి ఏం నేర్పుతారు? అందరూ నర్సుల గురించే చెబుతున్నారు.

ఎర్తింగ్_తాత
మంచి ప్రశ్న. హాస్పిటల్ ఎలక్ట్రీషియన్‌కి బయటివాళ్లకి లేని కష్టం ఒకటుంది, "ఆపడానికి వీల్లేదు" అనే మాట. ఏ ప్యానెల్ ఆపమన్నా ఏదో ఒక వార్డు ఒప్పుకోదు, దాంతో లైవ్‌లో పని చేయడం అలవాటైపోతుంది. ఎన్‌ఎఫ్‌పీఏ 70ఈ లాంటి కోడ్‌లన్నీ మొదట చెప్పేది కరెంటు తీసేసి పని చేయమనే. తీస్తే పేషెంట్‌కి ప్రమాదం పెరిగే చోట లైవ్ పనికి దారి ఉంది, కానీ దానికి రాతపూర్వక పర్మిట్, ఆర్క్ ఫ్లాష్ (షార్ట్ అయితే పేలే మంట) లెక్క, తగిన సూటు, గ్లౌజులు, పక్కన ఇంకో మనిషి ఉండాలి. "డాక్టర్ గారు అర్జెంటన్నారు" అనేది పర్మిట్ కాదు.
రెండోది, హాస్పిటల్లో ఒక ప్యానెల్‌కి సప్లై ఒక్కవైపు నుంచే వస్తుందని ఎప్పుడూ నమ్మకండి. మెయిన్, జెనరేటర్, యూపీఎస్, బైపాస్. ఒకచోట మావాడు మెయిన్ తీసి తాళం వేసి ట్యాగ్ కట్టి అంతా పద్ధతిగా చేశాడు, అయినా బస్‌బార్ (ప్యానెల్లో కరెంటు పంచే లోహపు పట్టీ) మీద వోల్టేజి ఉంది, యూపీఎస్ బైపాస్ నుంచి వస్తోంది, డ్రాయింగులో ఆ లైనే లేదు. మీటరు పెట్టి చూశాడు కాబట్టి బతికాడు. మీటరు కూడా ముందు కరెంటు ఉన్నచోట చూసి, తర్వాత పని చేసే చోట చూసి, మళ్లీ కరెంటు ఉన్నచోట చూడాలి. మధ్యలో మీటరే పాడైతే? టెస్టర్ స్క్రూడ్రైవర్‌తో చూసి చెయ్యి పెట్టేవాళ్లని నేను ప్యానెల్ రూమ్‌లోకి రానివ్వను.

బయోమెడ్_బుచ్చి
మా టెక్నీషియన్ల కోసం రెండు ముక్కలు. ఏటా స్టిక్కరు అంటించడం టెస్టింగ్ కాదు. ఐఈసీ 62353 ప్రకారం పవర్ కార్డుతో కలిపి ఎర్త్ రెసిస్టెన్స్ 0.3 ఓమ్ దాటకూడదు, కొలిచేటప్పుడు కార్డుని వంచుతూ, ముఖ్యంగా ప్లగ్గు మెడ దగ్గర వంచుతూ చూడండి. కదపకపోతే పాసవుతుంది, కదిపితే రీడింగ్ ఎగురుతుంది, తెగిన తీగలు అక్కడే ఉంటాయి. గ్రూప్ 2 గదుల్లో సాకెట్ల ఎర్త్ నుంచి బాండింగ్ బార్ దాకా 0.2 ఓమ్ లోపు ఉందా అన్నది ఎలక్ట్రీషియన్ల పని, అది "బయోమెడ్ చూస్తారు" అని వాళ్లు, "ఎలక్ట్రికల్ చూస్తారు" అని మేము వదిలేస్తాం. ఎవరి పనో ట్రైనింగ్‌లోనే రాసేయండి.

కొత్త_సూపర్‌వైజర్
అందరికీ థ్యాంక్స్. మెమో ఆగిపోయింది, తాతగారి పోస్టు అలాగే చదివి వినిపించాను. హాల్లో ట్రైనింగ్ కూడా రద్దు. థియేటర్ వాళ్లకి కేసుల మధ్య ఖాళీలో ప్యానెల్ ముందే, టెస్ట్ బటన్ నొక్కి అలారం మోగించి చూపించాం. మొదటి బ్యాచ్‌లో ఒక సిస్టర్ మ్యూట్ నొక్కి, వార్మర్ స్విచ్ ఆపి, "అయిపోయింది" అన్నారు. ప్లగ్గు తీయాలని చెప్పాం, చివరికి అందరితో ఒక్కొక్కరిగా తీయించాం. కాగితం అంటించాం, ఫోన్ నంబరుతో సహా. ఐసీయూ సాకెట్ల లెక్క మేనేజ్‌మెంట్‌కి పంపాను, ఇంకా జవాబు లేదు. రాత్రి డ్యూటీ వాళ్లకి ఎప్పుడు పెట్టాలో తెలియట్లేదు.

ఓటీ_సిస్టర్
డ్యూటీ అయ్యాక ఆపకండి, ఎవరికీ ఎక్కదు. రాత్రి డ్యూటీ మొదలయ్యేటప్పుడు హ్యాండోవర్ ముందు పది నిమిషాలు చాలు. ఇంకోటి, ఆ కాగితం లామినేషన్ చేయించండి, రోజూ మందు కొట్టి తుడుస్తాం కదా, వారానికి అక్షరాలు చెరిగిపోతాయి. ఆ ఫోన్ నంబరు రాత్రిపూట ఎవరు ఎత్తుతారో కూడా ఒకసారి చేసి చూడండి.

కొత్త_సూపర్‌వైజర్
ఇప్పుడే చేశాను మేడమ్. ఎవరూ ఎత్తలేదు. షిఫ్ట్ మొబైల్ నంబరు పెట్టి మళ్లీ ప్రింట్ తీయిస్తున్నా.